90 రోజుల సైనికులు ఏం చేశారు? ఆరవ మసాచుసెట్స్ పటాలం మూడు సేవల కథ

మీ ప్రశ్న సారాంశం ఇది. ఈ మధ్య మసాచుసెట్స్‌లోని మిల్లుల ఊరు లోవెల్‌కు మారారు. సిటీ హాల్ దగ్గరున్న లాడ్, విట్నీల స్మారక స్తంభం చూశారు. వాళ్ళు 1861 ఏప్రిల్ 19న, అంటే అమెరికా అంతర్యుద్ధం మొదలైన వారానికే చనిపోయారని తెలిసింది. వాళ్ళు పనిచేసిన ఆరవ మసాచుసెట్స్ మిలీషియా (అవసరమైనప్పుడు పిలిచే రాష్ట్ర పౌర సైన్యం) పటాలం వివరాలు వెతికితే ఒకచోట 90 రోజులని, ఇంకోచోట తొమ్మిది నెలలని, మరోచోట 100 రోజులని కనిపించింది. గెటిస్‌బర్గ్ వంటి పెద్ద యుద్ధాల్లో దాని పేరు లేదు. ఇది ఒకే పటాలమా, మూడా? ఇంత కొద్దికాలం పనిచేసినవాళ్ళు నిజంగా యుద్ధం చేసినట్టేనా? మీ అమ్మాయి స్కూలు ప్రాజెక్టు కోసం ఎంచుకున్న సమాధి రాయి మీద "6వ మసాచుసెట్స్" అని మాత్రమే ఉంటే, ఆ మనిషి ఏ కాలంలో పనిచేశాడో ఎలా తేల్చాలి?

నేను మసాచుసెట్స్‌లోనే చాలాకాలంగా ఉంటున్నాను. ఒక స్థానిక చరిత్ర సంఘంలో స్వచ్ఛందంగా అంతర్యుద్ధం నాటి సైనికుల కాగితాలు చదివి, వివరాలు నమోదు చేసే పని చేస్తాను. ఆ అనుభవంతో చెబుతున్నాను.

ముందు సూటిగా జవాబు. పేరూ నంబరూ ఒకటే, సేవలు మాత్రం మూడు. 1861లో 90 రోజులకు, 1862లో తొమ్మిది నెలలకు, 1864లో 100 రోజులకు ఆ పటాలం మూడుసార్లు సమకూడింది, మూడుసార్లు విడిపోయింది. ప్రతిసారీ మనుషుల్లో ఎక్కువమంది కొత్తవాళ్ళు. మన ఊళ్ళో రథం అదే ఉంటుంది, లాగేవాళ్ళు ఏటా మారుతుంటారు కదా, అలాగన్నమాట. ఇక వాళ్ళది నిజమైన సైనిక సేవేనా అంటే, ముమ్మాటికీ అవును. కాకపోతే దాని విలువ ఎన్ని యుద్ధాలు చేశారన్న జాబితాలో దొరకదు. ఏ తేదీన, ఏ దారి మీద నిలబడ్డారు అన్నది చూడాలి. స్వల్పకాలిక పటాలాల చరిత్ర చదివేటప్పుడు నేను మొదట చూసేది ఇదే.

ఇప్పుడు కారణాలు.

90 రోజులు అన్న గడువు ఎవరో యుద్ధం తొందరగా ముగుస్తుందని ధీమాగా పెట్టిన లెక్క అనుకుంటారు చాలామంది. ఆ ధీమా చాలామందిలో ఉన్న మాట నిజమే, కానీ అసలు కారణం చట్టం. 1795 నాటి మిలీషియా చట్టం ప్రకారం అధ్యక్షుడు రాష్ట్రాల మిలీషియాను పిలిపించుకోవచ్చు గానీ, ఏడాదిలో మూడు నెలలకు మించి ఎవరినీ ఉంచుకోకూడదు. 1861 ఏప్రిల్ 12న, దేశం నుంచి విడిపోయిన దక్షిణాది రాష్ట్రాల ఫిరంగులు ఫెడరల్ ప్రభుత్వ సమ్టర్ కోట మీద పేలాయి. 15న అధ్యక్షుడు లింకన్ 75,000 మంది మిలీషియాను పిలిచాడు. కాంగ్రెస్ అప్పుడు సమావేశంలో లేదు. జులై 4న సమావేశం పెట్టమని అదే ప్రకటనలో కోరాడు. కొత్త సైన్యం కోసం కొత్త చట్టం వచ్చేదాకా చేతిలో ఉన్న పాత చట్టమే ఆధారం. అందుకే మూడు నెలలు. మే 3వ తేదీకే మూడేళ్ళ వాలంటీర్ల కోసం మరో పిలుపు ఇచ్చాడంటే, ఈ గొడవ 90 రోజుల్లో తేలేది కాదని వాషింగ్టన్‌కు అప్పటికే అర్థమైందన్నమాట.

మసాచుసెట్స్ అంత వేగంగా కదలడానికి ఒక కారణం ఉంది. గవర్నర్ జాన్ ఆండ్రూ ఆ ఏడాది జనవరి నుంచే మిలీషియాను సిద్ధం చేయిస్తున్నాడు. ఏ కంపెనీలో (పటాలంలో ఒక భాగం) ఎంతమంది పిలిస్తే వస్తారు, ఎవరు రాలేరు అని ముందే లెక్క తీయించాడు. అందుకే ఏప్రిల్ 15న కబురు వస్తే, 16న లోవెల్, లారెన్స్, గ్రోటన్, ఆక్టన్ కంపెనీలు చేరిపోయాయి. బోస్టన్, వూస్టర్, స్టోన్‌హామ్ కంపెనీలు వాటికి కలిశాయి. 17 సాయంత్రానికి సుమారు 700 మంది రైలెక్కారు. వీళ్ళలో చాలామంది మిల్లుల్లో, యంత్రాల కర్మాగారాల్లో, చెప్పుల పనిలో ఉన్న కుర్రాళ్ళు. లూథర్ లాడ్‌కు 17 ఏళ్ళు, లోవెల్‌లోని యంత్రాల కర్మాగారంలో పనివాడు. ఈ కుర్రాళ్ళ ఊరు దక్షిణాది బానిసలు పండించిన పత్తితోనే బతుకుతోందన్న సంగతి కూడా మీ అమ్మాయికి చెప్పండి. యుద్ధం వచ్చి ఆ పత్తి ఆగిపోయాక ఇంగ్లండ్ మిల్లులు మన దేశం వైపు చూశాయి. ఆ గిరాకీ మన కోస్తా జిల్లాల పత్తి రైతుల దాకా, కాకినాడ రేవు దాకా వచ్చింది.

ఆక్టన్ కంపెనీ గురించి ఒక్క మాట. దాని పేరు డేవిస్ గార్డ్స్. 1775 ఏప్రిల్ 19న కాంకర్డ్ వంతెన దగ్గర బ్రిటిష్ సైన్యం చేతిలో చనిపోయిన ఆక్టన్ కెప్టెన్ ఐజాక్ డేవిస్ పేరు అది. సరిగ్గా 86 ఏళ్ళకు అదే తేదీన ఆ ఊరివాళ్ళు బాల్టిమోర్‌లో ఉన్నారు. ఆనాటి వాళ్ళు దీన్ని యాదృచ్ఛికంగా చూడలేదు. వాళ్ళ ఉత్తరాల్లో, ప్రసంగాల్లో ఈ పోలిక పదేపదే వస్తుంది.

ఇక బాల్టిమోర్. దీని దగ్గర కాసేపు ఆగాలి.

ఫిలడెల్ఫియా నుంచి వచ్చే రైళ్ళు బాల్టిమోర్‌లో ప్రెసిడెంట్ స్ట్రీట్ స్టేషన్‌లో ఆగిపోతాయి. వాషింగ్టన్ వెళ్ళే రైలు క్యామ్డెన్ స్టేషన్‌లో ఎక్కాలి. రెండింటికీ మధ్య మైలుకు పైగా దూరం. ఊరి నడిబొడ్డున ఇంజిన్లు నడపనివ్వరు కాబట్టి పెట్టెలను ఒక్కొక్కటిగా గుర్రాలతో ప్రాట్ వీధి వెంట లాగించేవారు. మేరీల్యాండ్ బానిసత్వం ఉన్న రాష్ట్రం, యూనియన్‌లోనే (ఉత్తరాది వైపే) ఉంది గానీ బాల్టిమోర్‌లో దక్షిణాది అభిమానులు చాలామంది. ముందు రోజే పెన్సిల్వేనియా నుంచి వచ్చిన ఐదు చిన్న కంపెనీల మీద ఆ ఊళ్ళో రాళ్ళు పడ్డాయి. వాళ్ళతో వచ్చిన నికొలస్ బిడిల్ అనే నల్లజాతి సేవకుడికి తల పగిలింది.

19న ఆరవ పటాలంలో ఏడు కంపెనీలు పెట్టెల్లో కూర్చునే దాటాయి. ఏడో పెట్టె మీద రాళ్ళతో పాటు తూటాలు కూడా వచ్చాయి. తర్వాత గుంపు పట్టాల మీద ఇసుక, రాళ్ళు, రేవు నుంచి ఈడ్చుకొచ్చిన లంగర్లు వేసింది. మిగిలిన నాలుగు కంపెనీలు, అంటే సుమారు 220 మంది, దిగి నడవాల్సి వచ్చింది. కర్నల్ ఎడ్వర్డ్ జోన్స్ అప్పటికే ముందు వెళ్ళిపోయాడు. అందుకని నాలుగు కంపెనీలనూ కెప్టెన్ ఆల్బర్ట్ ఫాలన్స్‌బీ నడిపించాడు. ఈ పేరు గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది. నగర మేయర్ జార్జ్ బ్రౌన్ స్వయంగా వచ్చి కొంతదూరం ఆయన పక్కనే నడిచాడు. అయినా రాళ్ళు ఆగలేదు. గుంపు వైపు నుంచి తుపాకులు పేలాయి, సైనికులూ కాల్చారు. చివరికి పోలీసు అధికారి జార్జ్ కేన్ తన మనుషులతో గుంపుకూ సైనికులకూ మధ్య అడ్డుగోడ కట్టాకే క్యామ్డెన్ చేరగలిగారు.

నలుగురు సైనికులు చనిపోయారు: లూథర్ లాడ్, అడిసన్ విట్నీ, చార్లెస్ టేలర్, సమ్నర్ నీడమ్. 36 మంది గాయపడ్డారు. బాల్టిమోర్ వాసులు 12 మంది చనిపోయారు. వాళ్ళందరూ రాళ్ళు విసిరినవాళ్ళే అని రాసేయడం అన్యాయం. రైలు క్యామ్డెన్ దాటి ఊరి బయటికి వచ్చాక, పట్టాల పక్కన నిలబడిన ఒక వర్తకుడు రైల్లోంచి వచ్చిన తూటాకు చనిపోయాడు. మీ అమ్మాయి ప్రాజెక్టులో లోవెల్ కుర్రాళ్ళ పేర్ల పక్కనే ఈ 12 మంది లెక్క కూడా ఉండాలని నా కోరిక.

ఆ సాయంత్రం పటాలం వాషింగ్టన్ చేరింది. కాపిటల్ భవనంలో సెనేట్ సభామందిరమే వాళ్ళ విడిది. పేటెంట్ ఆఫీసులో గుమాస్తాగా పనిచేస్తున్న క్లారా బార్టన్ వాళ్ళకు బట్టలూ తిండీ పట్టుకొచ్చింది. ఆమెదీ మసాచుసెట్సే, ఆ కుర్రాళ్ళలో కొందరు ఆమెకు తెలిసినవాళ్ళు. తర్వాత అమెరికన్ రెడ్‌క్రాస్ స్థాపించిన మనిషి సైనికుల సేవ మొదలైంది ఇక్కడే.

ఇప్పుడు తేదీ ఎందుకు ముఖ్యమో చూడండి. 19 రాత్రి నుంచి బాల్టిమోర్ ఉత్తరాన రైలు వంతెనలను తగలబెట్టారు. ఇంకా సైన్యం రాకుండా, ఊళ్ళో ఇంకా రక్తం పారకుండా అన్నది నగర అధికారుల వాదన. టెలిగ్రాఫ్ తీగలు తెగాయి. వాషింగ్టన్‌కు ఉత్తరాదితో రైలు సంబంధం ఒకే ఒక్కటి, అదీ బాల్టిమోర్ మీదుగా. నదికి అవతల వర్జీనియా అప్పటికే విడిపోవాలని తీర్మానించింది. వారం రోజుల పాటు రాజధానిలో చెప్పుకోదగిన బలం అంటే కొద్దిమంది సైనికులు, ఆ పెన్సిల్వేనియా కంపెనీలు, ఈ ఆరవ పటాలం. గాయపడిన ఆరవ పటాలం సైనికులు ఏప్రిల్ 24న కలిసినప్పుడు లింకన్ తన బెంగ దాచుకోలేదు. ఉత్తరాది అనేది ఒకటుందని తనకు నమ్మకం పోతోందని, న్యూయార్క్ ఏడవ పటాలం ఒట్టి కట్టుకథ అని, కళ్ళెదుట నిజంగా ఉన్నది మీరొక్కరేనని అన్నట్టు ఆయన కార్యదర్శి జాన్ హే రాసిపెట్టాడు. మర్నాడు 25న ఆ ఏడవ న్యూయార్క్ అన్నాపొలిస్ మీదుగా వచ్చింది. అంటే అత్యంత ప్రమాదకరమైన ఆరు రోజులు ఈ మిల్లు కుర్రాళ్ళు రాజధానిలో ఉన్నారు. ఒక పటాలం విలువను రోజుల్లో లెక్కకట్టేటప్పుడు ఏ రోజులో కూడా చూడాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

దీని ప్రభావం ఇంకా దూరం వెళ్ళింది. ఈ దారిని కాపాడటానికే ఏప్రిల్ 27న లింకన్, ఫిలడెల్ఫియాకూ వాషింగ్టన్‌కూ మధ్య సైనిక మార్గం వెంట, అరెస్టయిన మనిషిని కోర్టు ముందుకు తెచ్చే హక్కును అవసరమైతే నిలిపివేసే అధికారం సైన్యానికి ఇచ్చాడు. అమెరికా రాజ్యాంగ చరిత్రలో ఇప్పటికీ తెగని వాదాల్లో ఇదొకటి. పటాలంతో నడిచిన మేయర్ బ్రౌన్‌నే ఆ సెప్టెంబర్‌లో అరెస్టు చేసి ఏడాదికి పైగా నిర్బంధంలో ఉంచారు.

మే 5 నుంచి పటాలం పని రిలే హౌస్ అనే చోట. బాల్టిమోర్‌కు కొద్ది మైళ్ళ దూరంలో, హార్పర్స్ ఫెర్రీ వైపు వెళ్ళే ప్రధాన మార్గం నుంచి వాషింగ్టన్ రైలు మార్గం చీలే కూడలి అది. మే 13న జనరల్ బెంజమిన్ బట్లర్, ఈయనా లోవెల్ లాయరే, వాళ్ళలో కొందరిని తీసుకుని చీకట్లో, వానలో బాల్టిమోర్‌లోని ఫెడరల్ హిల్ ఎక్కాడు. మిగతా కాలమంతా పట్టాల కాపలా, వచ్చే పోయే బండ్ల తనిఖీ. ఆగస్టు 2న బోస్టన్‌లో సేవ నుంచి విడుదలయ్యారు. యుద్ధాల జాబితాలో వెతికేవాళ్ళకు ఈ భాగం ఖాళీగా కనిపిస్తుంది.

జులై 21న వర్జీనియాలో బుల్ రన్ యుద్ధం జరిగినప్పుడు ఈ పటాలం అక్కడ లేదు. కానీ స్వల్పకాలిక సేవలో ఉన్న చిక్కు మొత్తం ఆ యుద్ధంలోనే బయటపడింది కాబట్టి చెప్పకుండా ముందుకు వెళ్ళలేను. ఉత్తరాది జనరల్ మెక్‌డవెల్ సైన్యంలో మూడు నెలల పటాలాలు చాలా ఉన్నాయి, వాటి గడువు దగ్గరపడుతోంది. ఆ తొందర కూడా ఆయన్ను ముందుకు నెట్టింది. నాలుగవ పెన్సిల్వేనియా పటాలం గడువు ముగిసిందని యుద్ధం రోజు ఉదయమే వెనక్కి బయల్దేరింది. శత్రు ఫిరంగుల మోత వినపడుతుండగా వాళ్ళు వెళ్ళిపోయారని మెక్‌డవెల్ తన నివేదికలో రాశాడు. ఆ మాట వాళ్ళను జీవితాంతం వెంటాడింది. అదే పటాలం కర్నల్ జాన్ హార్ట్రాన్‌ఫ్ట్ మాత్రం ఆగిపోయి ఇంకో అధికారి కింద యుద్ధంలో పాల్గొన్నాడు. తర్వాత దానికి ఆయనకు అమెరికా అత్యున్నత సైనిక పతకం మెడల్ ఆఫ్ ఆనర్ వచ్చింది.

వాళ్ళను పిరికివాళ్ళని తేల్చేసే రాతలు చదివితే నాకు బాధ కలుగుతుంది. ఒప్పందం ప్రకారం వాళ్ళ పని అయిపోయింది. ఇంటి దగ్గర పొలం కోతకు వచ్చింది, మిల్లులో ఉద్యోగం ఇంకొకరికి పోతుందన్న భయం ఉంది. గడువు అయ్యాక ఉండమని అడగడం సైన్యం హక్కు కాదు, అది సైనికుడు ఇష్టపడి ఇవ్వాల్సింది. ఇచ్చినవాళ్ళ గౌరవం తగ్గకుండానే ఇవ్వని వాళ్ళను అర్థం చేసుకోవచ్చు. దక్షిణాదిలో ఈ ఇష్టాయిష్టాలకు తావే లేకుండా పోయింది. అక్కడ 1861లో ఏడాదికి చేరిన వాలంటీర్లను 1862 ఏప్రిల్ 16 నాటి నిర్బంధ చట్టం మూడేళ్ళ సేవలోకి మార్చేసింది.

రెండో సేవ: తొమ్మిది నెలలు. 1862 జులై 17న కాంగ్రెస్ మిలీషియా చట్టాన్ని మార్చి గడువును తొమ్మిది నెలలకు పెంచింది. నల్లజాతి మనుషులను సైనిక సేవలోకి తీసుకునే దారి తెరిచిందీ అదే చట్టం. ఆగస్టు 4న తొమ్మిది నెలలకు 3,00,000 మంది కావాలని పిలుపు వచ్చింది. చేరింది దాదాపు 88,000 మందే. కారణం, రాష్ట్రాలు ఒక్క మూడేళ్ళ సైనికుణ్ణి ఇస్తే నలుగురు తొమ్మిది నెలల సైనికులను ఇచ్చినట్టు లెక్క. ప్రభుత్వం దృష్టిలో ఎవరి విలువ ఎంతో ఈ లెక్కే చెబుతుంది.

ఆరవ పటాలం ఆగస్టు చివర లోవెల్‌లోనే మళ్ళీ నమోదైంది. కర్నల్ ఎవరనుకున్నారు? ప్రాట్ వీధిలో నాలుగు కంపెనీలను నడిపించిన ఆల్బర్ట్ ఫాలన్స్‌బీ. సెప్టెంబర్‌లో వాళ్ళను వర్జీనియాలో సఫోక్ అనే చిన్న ఊరికి పంపారు. పటం తీసి చూడండి: రెండు రైలు మార్గాలు కలిసే చోటు, నాన్సెమండ్ నది, పక్కనే గ్రేట్ డిస్మల్ స్వాంప్ అనే పెద్ద చిత్తడి అడవి. నార్ఫోక్ రేవును పడమటి వైపు నుంచి కాపాడే తలుపు అది. చలికాలమంతా మట్టికట్టలు కట్టడం, బ్లాక్‌వాటర్ నది వైపు దళాలుగా వెళ్ళి రావడం. 1863 జనవరి 30న డెజర్టెడ్ హౌస్ దగ్గర చీకట్లో మొదలైన పోరులో ఉన్నారు. ఏప్రిల్ 11 నుంచి మే 4 దాకా దక్షిణాది జనరల్ లాంగ్‌స్ట్రీట్ సఫోక్‌ను ముట్టడించాడు.

పెద్ద కథల్లో ఈ ముట్టడికి ఒక వాక్యం కూడా దక్కదు. కానీ తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. మే మొదటి రోజుల్లోనే ఛాన్సలర్స్‌విల్లో దక్షిణాది సేనాని లీ తన జీవితంలోనే అతి పెద్ద గెలుపు గెలిచాడు. అప్పుడు లాంగ్‌స్ట్రీట్, ఆయనతో పాటు హుడ్, పికెట్ డివిజన్లు ఇక్కడ సఫోక్ చుట్టూ ఉన్నాయి. ఆ బలం లీ చేతిలో ఉండి ఉంటే ఏమయ్యేదన్నది చరిత్రకారులు ఇంకా వాదించుకుంటున్నారు. లాంగ్‌స్ట్రీట్‌కు అక్కడ తిండి గింజల సేకరణ కూడా ముఖ్యమైన పనే కాబట్టి, ఆరవ పటాలమే ఆయన్ను కట్టిపడేసిందని అనను. కానీ అక్కడ కాపలా లేకపోతే ఆయనకు నార్ఫోక్ దారి తెరుచుకునేదన్నది మాత్రం చెప్పగలను.

ముట్టడి ఎత్తేశాక కూడా పని తెమలలేదు. మే నెలలో పడమటి వైపు రైలు పట్టాలను పీకి తెచ్చే పనికి కాపలాగా వెళ్ళి కార్స్‌విల్ దగ్గర పోరాడారు. గాయపడిన తోటివాళ్ళ కోసం శత్రువు వైపు తిరిగి వెళ్ళి పట్టుబడిన జోసెఫ్ స్వెట్ అనే సైనికుడికి తర్వాత మెడల్ ఆఫ్ ఆనర్ ఇచ్చారు. జూన్ 3న లోవెల్‌లో విడుదల. ఇంకో నెల ఉంటే గెటిస్‌బర్గ్ వచ్చేది.

తొమ్మిది నెలల వాళ్ళందరికీ ఇలా కాపలా పనే దొరికిందనుకోకండి. 132వ పెన్సిల్వేనియా పటాలం చేరిన నెల తిరిగి కొద్ది రోజులకే 1862 సెప్టెంబర్ 17న యాంటీటమ్ యుద్ధంలో దిగింది. ఒక రైతు ఇంటి దగ్గర ఫిరంగి గుండుకు తేనెపట్టులు చెదిరి, ఈగలు కుడుతుంటే తుపాకుల ముందుకు నడిచారు. వాళ్ళ కర్నల్ రిచర్డ్ ఓక్‌ఫోర్డ్ అక్కడే చనిపోయాడు. వెర్మాంట్ తొమ్మిది నెలల పటాలాలు, గడువు ఇంకొద్ది రోజుల్లో ముగుస్తుందనగా, 1863 జులై 3న గెటిస్‌బర్గ్‌లో దక్షిణాది జనరల్ పికెట్ దాడి మీద పక్క నుంచి విరుచుకుపడ్డాయి. ఆ దాడి విరగడంలో వాళ్ళ పాత్ర చిన్నది కాదు. అందుకని "స్వల్పకాలిక పటాలం" అని ఒకే గాటన కట్టడానికి లేదు.

మూడో సేవ: 100 రోజులు. 1864 వసంతంలో ఉత్తరాది సైన్యాధిపతి గ్రాంట్ పెద్ద దాడికి సిద్ధమవుతున్నాడు. కోటల్లో, రైలు మార్గాల మీద కాపలా ఉన్న అనుభవజ్ఞులను ముందు వరుసకు పంపాలి, వాళ్ళ చోట్లో ఎవరైనా నిలబడాలి. ఒహాయో గవర్నర్ జాన్ బ్రఫ్, మరికొన్ని పడమటి రాష్ట్రాల గవర్నర్లు 100 రోజుల సైనికులను ఇస్తామన్నారు. జులైలో మసాచుసెట్స్ కూడా కలిసింది. ఆరవ పటాలం జులై నెల మధ్యలో నమోదై, మళ్ళీ ఫాలన్స్‌బీ నాయకత్వంలోనే, వాషింగ్టన్ ఎదురుగా ఆర్లింగ్టన్ హైట్స్‌కు వెళ్ళింది. ఆగస్టు చివర్లో డెలావేర్ నది మధ్య దీవి మీదున్న ఫోర్ట్ డెలావేర్‌కు మార్చారు. అక్కడ వేలాది దక్షిణాది యుద్ధ ఖైదీలకు కాపలా. అక్టోబర్ 27న విడుదల.

ఈ సేవలో తూటా పేలిన యుద్ధం లేదు. అయినా దీన్ని నేను తక్కువ చేయను. అదే వేసవి జులై 9న మోనోకసీ దగ్గర 149వ, 144వ ఒహాయో అనే 100 రోజుల పటాలాలు జనరల్ లూ వాలెస్ కింద నిలబడ్డాయి. ఓడిపోయారు గానీ వాషింగ్టన్ మీదికి వస్తున్న దక్షిణాది జనరల్ ఎర్లీ సైన్యాన్ని ఒక రోజు ఆపారు. ఆ ఒక్క రోజులో గ్రాంట్ పంపిన అనుభవజ్ఞులు రాజధానికి చేరారు. కాపలాకు వచ్చినవాళ్ళకు యుద్ధం ఎదురవదన్న భరోసా ఎవరికీ లేదు.

కాగితాలు చదివేటప్పుడు తరచూ ఎదురయ్యే రెండు సంగతులు. ఒకటి, సమాధి రాయి మీద ఆరవ మసాచుసెట్స్ అని కనిపించగానే "మా తాతగారి తాత బాల్టిమోర్‌లో ఉన్నారు" అని కుటుంబాలు నమ్ముతాయి. సేవా కార్డు తీసి చూస్తే ఆయన 1864లో చేరిన 18 ఏళ్ళ కుర్రాడు. చెప్పినప్పుడు వాళ్ళ ముఖాలు చిన్నబోతాయి. అప్పుడు నేను ఫోర్ట్ డెలావేర్ గురించి చెబుతాను. ఇక రెండోది దీనికి తలకిందులు. "90 రోజులు చేసి ఇంటికొచ్చేశాడు" అని తేలిగ్గా తీసేసిన మనిషి, నిజానికి ఆ తర్వాత మూడేళ్ళ పటాలంలో చేరి ఉంటాడు. కర్నల్ జోన్సే ఉదాహరణ. 1861 చివరికల్లా ఆయన 26వ మసాచుసెట్స్ అనే మూడేళ్ళ పటాలానికి కర్నల్‌గా ఉన్నాడు. అది బట్లర్ కింద న్యూ ఆర్లీన్స్ వైపు వెళ్ళింది. ఆరవ పటాలం నుంచి చాలామంది ఆయన వెంటే నడిచారు. వాళ్ళకు ఆ 90 రోజులు సైనిక విద్యాలయం వంటివి.

ఇక మీ అమ్మాయి సమాధి రాయి.

రాయి మీద ఉన్న పుట్టిన సంవత్సరం ముందు చూడండి. 1845 తర్వాత పుట్టినవాడైతే 1861 సేవ దాదాపు కుదరదు. 1864 ఎక్కువ అవకాశం. కంపెనీ అక్షరం ఉంటే రాసుకోండి, కానీ దాన్ని మాత్రమే నమ్ముకోకండి. మూడు సేవల్లోనూ ఒకే అక్షరం వేర్వేరు ఊళ్ళ కంపెనీకి వెళ్ళి ఉండవచ్చు.

తర్వాత నేషనల్ ఆర్కైవ్స్‌లోని సైనికుల సేవా కార్డులు, మసాచుసెట్స్ రాష్ట్రం అచ్చువేసిన సైనికుల జాబితాలు చూడాలి. రెండింటిలోనూ తేల్చేది ఒక్కటే: ఫెడరల్ సేవలో నమోదైన తేదీ. 1861 ఏప్రిల్ అయితే మొదటి సేవ, 1862 ఆగస్టు, సెప్టెంబర్ అయితే రెండోది, 1864 జులై అయితే మూడోది. ఒకే పేరుకు రెండు మూడు కార్డులు కనిపిస్తే వేర్వేరు మనుషులనుకోకండి. వయసు, ఊరు, వృత్తి పోల్చండి, చాలాసార్లు ఒకే మనిషి తిరిగి చేరినట్టు తేలుతుంది. పటాలం వెళ్ళిన చోట్లన్నీ మనిషి వెళ్ళాడని కూడా రాసేయకండి. హాజరు పట్టీలో "ఆసుపత్రిలో" అని ఉంటే ఆ నెల అతను అక్కడ లేడు. సఫోక్ కాలానికి ఇది మరీ తరచుగా కనిపిస్తుంది, చిత్తడి నేల జ్వరాలు అంత పనిచేశాయి. ఆ యుద్ధంలో ఉత్తరాది వైపు జబ్బులతో పోయినవాళ్ళు తూటాలకు పోయినవాళ్ళకంటే రెట్టింపు.

చివరగా పింఛను కాగితాలు అడగండి. 1890 జూన్ 27 నాటి చట్టం ప్రకారం, కనీసం 90 రోజులు పనిచేసి గౌరవంగా విడుదలై, తర్వాత పని చేయలేని స్థితికి వచ్చిన సైనికుడికి పింఛను వచ్చేది, గాయం యుద్ధంలోనే తగలాల్సిన పని లేదు. అందుకే 90, 100 రోజుల వాళ్ళ పింఛను ఫైళ్ళు చాలా దొరుకుతాయి. వాటిలో భార్య పేరు, పిల్లల పుట్టిన తేదీలు, పొరుగువాళ్ళ వాంగ్మూలాలు, కొన్నిసార్లు సైనికుడు తన సేవ గురించి సొంత మాటల్లో చెప్పుకున్నది కూడా ఉంటుంది. ఆర్కైవ్స్‌కు రాసేటప్పుడు సైనికుడి పేరు, పటాలం, కంపెనీ, నమోదైన తేదీ, తెలిస్తే భార్య పేరు ఇవ్వండి. కాపీలు రావడానికి సమయం పడుతుంది కాబట్టి ప్రాజెక్టు గడువు చూసుకుని ముందే పంపండి. వచ్చాక చేతిరాత చదవడంలో ఇబ్బందైతే ఇక్కడే పేజీల ఫొటోలు పెట్టండి, నేను చదివి పెడతాను.